టీవీలో చూసిన డాక్టర్‌ని చెవులతో వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్న ఏమిటో మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. నువ్వు గుణుపూర్‌లో మందుల షాపులో పనిచేస్తున్నావు. ఇంట్లో తెలుగు, చదువంతా ఒడియా మీడియం. 'డాక్టర్ హూ' అనే బ్రిటిష్ సీరియల్‌లో (కాలంలో ప్రయాణాలు చేసే డాక్టర్ కథ, ఆ పాత్రని ఒక్కో కాలంలో ఒక్కో నటుడు వేశాడు) డేవిడ్ టెనెంట్ సీజన్లు ఫోన్‌లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశావు, బాగా నచ్చాయి. అదే సీరియల్ మీద వందలకొద్దీ ఆడియో నాటకాలున్నాయని తెలిసి, ఎవరో చెప్పారని నలభయ్యో వార్షికోత్సవం కథ 'జాగ్రియస్' కొన్నావు. అరగంట విన్నాక ఎవరు మాట్లాడుతున్నారో, ఎక్కడున్నారో తెలియక తలనొప్పి వచ్చి ఆపేశావు. ఇంకొకరేమో 1999 నుంచి వరసగా వినమన్నారు. సబ్‌టైటిల్స్ లేకుండా నీలాంటివాళ్ళకి ఇవి అర్థమవుతాయా, నిజంగా వరసగానే వినాలా అని అడిగావు.

అర్థమవుతాయి. వరసగా వినక్కర్లేదు. 'జాగ్రియస్' చెప్పినవాళ్ళు దాని మీద ప్రేమతోనే చెప్పి ఉంటారు గానీ, కొత్తవాళ్ళకి అంతకంటే కష్టమైన కథ దొరకడం కష్టం. 2003లో వచ్చిన ఆ కథ దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. అంతకుముందు ఏడాది వచ్చిన 'నెవర్‌ల్యాండ్' ఆగినచోట మొదలవుతుంది. పైగా పాత సీరియల్‌లో డాక్టర్ వేసిన పీటర్ డేవిసన్, కోలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్ ముగ్గురూ అందులో డాక్టర్‌గా కాకుండా వేరే పాత్రల్లో వినిపిస్తారు. ఆ ముగ్గురి గొంతులూ ముందే బాగా తెలిసినవాళ్ళకి అందులో ఆనందం ఉంది. తెలియనివాళ్ళకి గందరగోళమే. నీకు తలనొప్పి రావడానికి కారణం నీ ఇంగ్లీషు కాదు.

నాది రాయగడ. కొన్నేళ్ళ పాటు విశాఖ ఆకాశవాణి కేంద్రానికి వెళ్ళి రేడియో నాటకాల్లో గొంతు ఇచ్చాను. ఈ డాక్టర్ హూ ఆడియోలు చాలాకాలంగా వింటున్నాను. ఆ రెండు అనుభవాలూ కలిపి ఒక మాట చెప్తాను: వీటిని టీవీ సీరియల్‌లోంచి బొమ్మ తీసేసి మిగిల్చిన కథలుగా అనుకోకు. ఇవి రేడియో నాటకాలు. రేడియో నాటకం వినేవాళ్ళు ఎలా వింటారో అలా వినాలి, అలా వినదగిన కథతోనే మొదలుపెట్టాలి. నువ్వు ఇప్పటిదాకా బొమ్మ లేని లోటు గురించి ఆలోచిస్తూ విన్నావు. అందుకే అలసిపోయావు.

నిజానికి మన ప్రాంతం వాళ్ళకి ఇది కొత్త విద్య కాదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. మీడియం వేవ్ సంకేతాలు రాత్రిపూట పై వాతావరణంలోని పొరల మీద పడి వెనక్కి తిరిగి చాలా దూరం వెళ్తాయి. అందుకే పగలు వినిపించని స్టేషన్లు చీకటి పడ్డాక రాయగడలో, గుణుపూర్‌లో, పర్లాకిమిడిలో వినిపించేవి. బడిలో ఒడియా చదివి వచ్చిన పిల్లలు రాత్రి నాటకం సమయానికి ట్రాన్సిస్టర్ చుట్టూ చేరి తెలుగు వినేవాళ్ళు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఆ కేంద్రం నాటకాల్లో నండూరి సుబ్బారావు గారి గొంతు విన్నవాళ్ళు, ఆయన రూపం ఎప్పుడూ చూడకపోయినా మనిషిని కళ్ళముందు నిలబెట్టుకునేవాళ్ళు. గొంతు సన్నబడితే మనిషి దూరం వెళ్ళాడని అర్థమయ్యేది. మేము స్టూడియోలో చేసింది కూడా అంతే: మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, మొహం పక్కకి తిప్పి మాట్లాడితే వినేవాళ్ళకి ఆ మనిషి గుమ్మం దాటినట్టే.

డాక్టర్ హూ శబ్దం కూడా పుట్టింది రేడియో మనుషుల చేతుల్లోనే. బీబీసీ 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అనే విభాగం పెట్టింది. రేడియో నాటకాలకి మామూలు వాయిద్యాలతో రాని కొత్త శబ్దాలు కావాల్సి వచ్చి పెట్టిన విభాగం అది. 1963లో సీరియల్ మొదలైనప్పుడు రాన్ గ్రెయినర్ రాసిన టైటిల్ బాణీని డీలియా డెర్బీషైర్ అక్కడే తయారుచేసింది. సింథసైజర్లు లేని రోజులు. ఒక్కో స్వరాన్నీ టేపు మీద రికార్డు చేసి, ముక్కలుగా కోసి, అతికించింది. డాక్టర్ ప్రయాణించే నీలం పెట్టె, టార్డిస్, బయలుదేరేటప్పుడు వచ్చే ఆ గురగుర శబ్దం బ్రయన్ హాడ్జ్‌సన్ చేసింది. పాత పియానో తీగల మీద ఇంటి తాళంచెవితో గీసి, ఆ రికార్డింగ్‌ని మార్చి మార్చి తెచ్చాడు. ఇది తెలిశాక ఆ శబ్దం మళ్ళీ విను, తీగల గరుకుదనం వినిపిస్తుంది. టీవీలో నువ్వు ఆ నీలం పెట్టెని చూస్తూ ఉండిపోయి దాన్ని సరిగ్గా విని ఉండవు.

చరిత్ర క్లుప్తంగా చాలు. టీవీలో పాత సీరియల్ 1989లో ఆగిపోయింది. 1996లో పాల్ మెక్‌గాన్ డాక్టర్‌గా ఒక టీవీ సినిమా వచ్చింది గానీ సీరియల్ మళ్ళీ మొదలుకాలేదు. ఆ ఖాళీలో బిగ్ ఫినిష్ అనే చిన్న కంపెనీ బీబీసీ దగ్గర లైసెన్సు తీసుకుని, పాత నటులనే పిలిచి ఆడియోలు మొదలుపెట్టింది. మొదటిది 1999 జులైలో వచ్చిన 'ద సైరెన్స్ ఆఫ్ టైమ్'. 2005లో టీవీ సీరియల్ తిరిగి వచ్చినా ఇవి ఆగలేదు. నెలనెలా వచ్చిన ప్రధాన వరస ఒక్కటే 2021 దాకా నడిచి 275 కథలయింది. పక్క వరసలు వేరే. వరసగా వినమన్నవాళ్ళ మాట పక్కన పెట్టమనడానికి కారణం ఈ లెక్కే. ఇవి నలుగురు వేర్వేరు డాక్టర్ల కథలు, నెలకొకరి చొప్పున మారుతూ వచ్చాయి. వరసగా వింటే ఏ ఒక్కరి కథా మనసులో నిలవదు. ఒక డాక్టర్‌ని పట్టుకో, ఆయన వెంట వెళ్ళు.

నువ్వు మొదట వినాల్సింది 'టెక్నోఫోబియా'. 2016లో వచ్చింది. డాక్టర్‌గా టెనెంట్, అతనితో తిరిగే డోనాగా కేథరిన్ టేట్. లండన్‌లో జనానికి ఉన్నట్టుండి చేతిలో ఉన్న యంత్రాలంటే భయం పట్టుకుంటుంది, వాటిని ఎలా వాడాలో కూడా మర్చిపోతుంటారు. ఒక గంటలో అయిపోయే కథ. ఇది గొప్ప కథ అని చెప్పను, సరదాగా సాగే మామూలు కథ. కానీ నీకు ఆ ఇద్దరి మొహాలూ తెలుసు. గొంతు వినగానే మనిషి కళ్ళముందుకి వచ్చేస్తాడు, ఎవరెవరో పోల్చుకునే పని సగం తప్పుతుంది. కేథరిన్ టేట్ వేగంగా మాట్లాడుతుంది, కొన్ని మాటలు జారిపోతాయి. పోనీ, వెనక్కి తిప్పకు. ఆగకుండా చివరిదాకా విను.

రెండోది 'స్టార్మ్ వార్నింగ్'. 2001 జనవరి. పాల్ మెక్‌గాన్ మొదటి ఆడియో ఇది. నా దృష్టిలో అసలు ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది. కథ జరిగేది ఆర్-101 అనే నిజమైన ఎయిర్‌షిప్‌లో, అంటే వాయువు నింపిన పెద్ద గాలి ఓడలో. 1930 అక్టోబర్ 4 సాయంత్రం ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్ నుంచి అది బయలుదేరింది. వెళ్ళాల్సింది మన వైపుకే, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని కరాచీకి. దాన్ని నిలపడానికి కరాచీలో పెద్ద షెడ్డు కూడా కట్టి సిద్ధంగా ఉంచారు. మర్నాడు తెల్లవారకముందే ఫ్రాన్స్‌లో బోవే దగ్గర కూలి మంటల్లో పోయింది. ఉన్న 54 మందిలో 48 మంది చనిపోయారు. ఆ ప్రయాణంలోకి డాక్టర్ దిగుతాడు. మగ స్టూవార్డు వేషం వేసుకుని దొంగతనంగా ఎక్కిన ఛార్లీ పోలార్డ్ అనే అమ్మాయి అతనికి తారసపడుతుంది. ఆమెగా ఇండియా ఫిషర్ గొంతు ఇచ్చింది. ఆమె ప్రతి మాటా ముత్యంలా వినిపిస్తుంది. ఇంగ్లీషు గురించి భయపడేవాళ్ళకి ఇంతకంటే మంచి తోడు లేదు.

ఈ కథలో మొదటి సన్నివేశం గురించి నిజం చెప్పాలి. డాక్టర్ టార్డిస్‌లో ఒంటరిగా ఉండి బయట ఎగిరే జంతువుల గురించి తనలో తాను చాలాసేపు మాట్లాడుకుంటాడు. వినేవాళ్ళకి కనబడదు కదా అని రచయిత అతని నోటితో అంతా చెప్పించాడు. ఆడియో నాటకాల్లో పెద్ద లోపం ఇదే. "అదిగో చూడు, ఆ పచ్చటి రాక్షసుడు నా వైపే వస్తున్నాడు" అని ఏ మనిషీ ప్రాణభయంలో అనడు. తొలినాళ్ళ కథల్లో ఇలాంటివి తగులుతాయి. ఓర్చుకో. ఎయిర్‌షిప్ లోపలికి వెళ్ళాక పరిస్థితి మారుతుంది. ఇంజన్ల మోత, గాలి, లోపలి గదుల్లో గొంతుల తేడా విను. ఎవరు ఏ గదిలో ఉన్నారో ఎవరూ చెప్పకుండానే నీకు తెలిసిపోతుంది. అలా తెలిసిందని గమనించిన రోజు నువ్వు సబ్‌టైటిల్స్ గురించి మర్చిపోతావు.

దాని తర్వాత మధ్యవి వదిలేసి నేరుగా 'ద చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్'కి వెళ్ళు. 2002, రాబర్ట్ షీర్‌మన్ రాశాడు. 1906 క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ఇంటి కింది అంతస్తులో, పనివాళ్ళ గదుల్లో జరుగుతుంది. బట్లర్, వంటమనిషి, గిన్నెలు తోమే పిల్ల, ఒక గడియారం. గంట కొట్టినప్పుడల్లా భయం వేస్తుంది. ఇది టీవీలో తీస్తే పాడైపోతుందని నా నమ్మకం. ఆ ఇల్లు ఎలా ఉంటుందో మన ఊహకే వదిలేశారు కాబట్టే అది మనల్ని పట్టుకుంటుంది. ఇందులో ఒక ముఖ్యమైన మలుపు 'స్టార్మ్ వార్నింగ్'లో ఛార్లీకి జరిగినదాని మీద నిలబడింది. అందుకే అది ముందు వినమన్నాను. రాత్రి లైటు తీసి విను. ఇది వింటే నిద్ర రాదు.

ఇంగ్లీషు సంగతి ఇంకొంచెం చెప్పాలి. నీకు కష్టం పదాల దగ్గర కాదు, యాసల దగ్గర. మందుల పేర్లూ, వాడే విధానాలూ రోజంతా ఇంగ్లీషులో చదివేవాడివి, పదాలకి ఇబ్బంది పడవు. పాత సీరియల్‌లో ఇంకొక డాక్టర్ అయిన టామ్ బేకర్‌ది లోతైన గొంతు, నిదానం, ప్రతి అక్షరం తెలుస్తుంది. కోలిన్ బేకర్‌ది రంగస్థలం మీద పద్యం చదివినంత స్పష్టమైన ఉచ్చారణ. సిల్వెస్టర్ మెకాయ్‌కి స్కాట్లండ్ యాస, 'ర'ని గట్టిగా పలుకుతాడు, చెవికి అలవాటు కావాలి. మెక్‌గాన్ డాక్టర్‌తో తిరిగే లూసీ మిల్లర్ పాత్ర వేసిన షెరిడన్ స్మిత్ ఉత్తర ఇంగ్లండ్ యాసలో గలగలా మాట్లాడుతుంది. ఆ వరస 2006 చివర బీబీసీ రేడియోలో మొదలైంది, చాలా బాగుంటుంది, కానీ నీకు ఇప్పుడే వద్దు.

ఇంకా భయంగా ఉంటే 'కంపానియన్ క్రానికల్స్' అనే వరస ఉంది, 2007లో మొదలైంది. డాక్టర్‌తో తిరిగిన పాత్ర చేసిన ఒక నటుడో నటీమణో కథ చెప్తూ పోతారు, మధ్యలో ఇంకొక గొంతు కలుస్తుంది. ఎవరు ఎక్కడున్నారో చెప్పేవాళ్ళు ఉంటారు కాబట్టి దారి తప్పవు. పీటర్ పర్వెస్ చెప్పినవి వెతుక్కో. టీవీలో పిల్లల కార్యక్రమానికి ఏళ్ళ తరబడి యాంకర్‌గా ఉన్న మనిషి, ఆ స్పష్టత గొంతులో ఉంటుంది.

ఇలాంటిదే ఇంకొక సంపద ఉంది. దాని గురించి చెప్పకుండా ఉండలేను. 1960ల నాటి డాక్టర్ హూ ఎపిసోడ్ల టేపుల్ని బీబీసీ చెరిపేసింది. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ పోయింది. కానీ అప్పట్లో ఇళ్ళలో కూర్చుని టీవీ చూస్తూ, టేప్ రికార్డర్‌తో శబ్దం మాత్రం పట్టుకున్న అభిమానులు కొందరున్నారు. వాళ్ళ పుణ్యమా అని పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మిగిలింది. బీబీసీ వాటిని శుభ్రం చేసి, బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పే వ్యాఖ్యానం జోడించి విడుదల చేసింది. అప్పట్లో డాక్టర్‌తో తిరిగే జేమీగా చేసిన ఫ్రేజర్ హైన్స్ చదివినవి కొన్ని ఉన్నాయి. సీరియల్ తాలూకు కొంత భాగం ఇవాళ చెవులతో మాత్రమే దొరుకుతుంది. ఆడియోని తక్కువగా చూసేవాళ్ళకి నేనెప్పుడూ ఈ సంగతే చెప్తాను.

నీకు చెవి అలవాటయ్యాక వినాల్సినవి చాలా ఉన్నాయి. నేను రెండే గట్టిగా చెప్తాను. ఒకటి 'జూబిలీ', 2003. డాక్టర్‌కి శత్రువులైన, లోహపు కవచాల్లో ఉండే డాలెక్‌లని ఓడించి వందేళ్ళయిందని వేడుక చేసుకుంటున్న ఒక ఇంగ్లండ్, లండన్ టవర్‌లో బందీగా మిగిలిన ఒకే ఒక డాలెక్. 2005లో టీవీలో వచ్చిన 'డాలెక్' ఎపిసోడ్‌కి మూలం ఇదే, రెండూ షీర్‌మన్ రాసినవే. డాలెక్ గొంతు నికొలస్ బ్రిగ్స్‌ది, నువ్వు టీవీలో విన్నదీ ఆయన గొంతే. రింగ్ మాడ్యులేటర్ అనే పరికరం గుండా మాట్లాడితే ఆ గరగర వస్తుంది.

రెండోది 'స్పేర్ పార్ట్స్', 2002, మార్క్ ప్లాట్ రాశాడు. డాక్టర్‌కి ఇంకో పాత శత్రువులు, సగం యంత్రాలైన మనుషులు సైబర్‌మెన్ ఎలా పుట్టారన్నది కథ. సూర్యుడికి దూరమైపోయిన మొండాస్ గ్రహం, భూమి కింద ఒక చలి నగరం, అందులో హార్ట్‌లీ అనే మామూలు కుటుంబం. తండ్రి, కూతురు, కొడుకు. బతకడం కోసం జనాన్ని కొద్దికొద్దిగా యంత్రాలుగా మార్చుకుంటూ పోతున్న ఊరు అది. ఎవరూ దుర్మార్గులు కారు. ప్రతి నిర్ణయానికీ ఒక కారణం ఉంటుంది, అందుకే వినేటప్పుడు గుండె బరువెక్కుతుంది. ఈ కథలో సైబర్‌మెన్ గొంతు 1966లో వాళ్ళు మొదటిసారి టీవీలో వచ్చినప్పటి పాత పద్ధతిలో, పదాల మీద వింత వింత ఊనికలతో పాడినట్టు వినిపిస్తుంది. బొమ్మలో ఆ పాత గుడ్డ ముసుగులు చూస్తే ఇవాళ్టి పిల్లలు నవ్వుతారేమో. బొమ్మ లేకపోతే ఆ గొంతు వణికిస్తుంది. ఇంట్లోవాళ్ళకి తెలిసిన ఒక మనిషి అదే గొంతుతో మాట్లాడే సన్నివేశం ఒకటుంది. ఇంతకంటే చెప్పను. వందల కథల్లో ఒక్కటే ఉంచుకోమంటే నేను దీన్ని ఉంచుకుంటాను.

వినే పద్ధతి. ఈ కథలు చాలావరకు పాత సీరియల్ లాగే 25 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. ఒక రాత్రికి ఒక భాగం చాలు. భాగం చివర ఏదో ఒక ప్రమాదంలో ఆపుతారు, మర్నాడు షాపులో ఉన్నా అదే గుర్తొస్తుంటుంది, అలా ఉండాలనే అలా రాశారు. మొదటి భాగం మాత్రం రెండుసార్లు విను. మొదటిసారి గొంతులు పట్టుకో, రెండోసారి కథ పట్టుకో. ఇంకా అయోమయంగా ఉంటే అభిమానుల వికీలో పాత్రల పేర్లు మాత్రం చూడు, కథ చదవకు.

ఇయర్‌ఫోన్ రెండు చెవులకీ పెట్టు. ఎవరు ఎడమ పక్క, ఎవరు కుడి పక్క అన్నది స్టీరియోలో ఉంటుంది, ఒక్క చెవితో వింటే సగం నాటకం పోతుంది. బండి నడుపుతూ మాత్రం వద్దు. వానాకాలం రేకుల కప్పు మీద వాన పడుతుంటే ఫోన్ స్పీకర్‌లో వినాలని చూడకు, గుసగుసలన్నీ పోతాయి. కొన్నవి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. బిగ్ ఫినిష్‌కి సొంత యాప్ ఉంది. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైల్లో సొరంగాల మధ్య స్ట్రీమింగ్ పెట్టుకుంటే ప్రతి రెండు నిమిషాలకీ ఆగిపోయి చిరాకు పుడుతుంది. అదే డౌన్‌లోడ్ చేసుకుంటే ఆ రైలు ప్రయాణం వినడానికి ఎంతో బాగుంటుంది. కొనడానికి ధర పౌండ్లలో ఉంటుంది, బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకుని, కొన్నాక ఆఫ్ చేసెయ్. కొత్త బాక్స్ సెట్ల ధర మనకి ఎక్కువే. పాతవి చాలా చవక, నేను చెప్పినవి ఎక్కువగా పాతవే. టెలిగ్రామ్‌లో ఎవరో పంచుతున్నారని ఆ దారిలో వెళ్ళకు. ఇవి సినిమా కంపెనీలు కావు, వినేవాళ్ళు కొంటేనే నడిచే పని ఇది.

డాక్టర్ హూ నుంచి పుట్టిన ఇంకో సీరియల్ 'టార్చ్‌వుడ్' ఆడియోలు బాగుంటాయా అని చివర్లో అడిగావు. బాగుంటాయి, 2015లో మొదలయ్యాయి, చాలావరకు ఒక్కో కథా దాదాపు గంట. టెనెంట్ సీజన్లు చూశావు కాబట్టి అందులో ముఖ్యపాత్ర జాక్ నీకు తెలిసినవాడే. కాకపోతే అవి పెద్దలకి, చిన్నవాళ్ళున్న గదిలో స్పీకర్‌లో పెట్టకు. అంతరిక్ష ఓడలో తిరిగే తిరుగుబాటుదారుల కథ 'బ్లేక్స్ 7' మాత్రం టీవీలో 1978 నాటి అసలు సీరియల్ కొంతైనా చూశాకే విను. ఆ ఓడలో వాళ్ళ మధ్య ఉన్న అనుమానాలు తెలియకుండా వింటే అందులో రుచి లేదు. ఇవన్నీ తర్వాతి మాట. ఈ వారం 'టెక్నోఫోబియా' విను, 'స్టార్మ్ వార్నింగ్' మొదటి రెండు భాగాలు అయ్యాక ఎక్కడ అర్థం కాలేదో నిమిషంతో సహా ఇక్కడే రాయి, అక్కడ ఏం జరుగుతోందో చెప్తాను.